పాత లాప్‌టాప్‌లో విండోస్ ఎందుకెక్కదు?

పాత లాప్‌టాప్‌లో విండోస్ 10 తిరిగి ఎక్కిస్తుంటే "ఈ డిస్కులో కుదరదు" అని ఆగిపోవడం మామూలే. డిస్కు పోయిందంటారు మనవాళ్లు, నేనొప్పుకోను. డిస్కును భాగాలు చేసే పట్టికలు రెండు రకాలు. 1983 నాటి ఎంబీఆర్‌లో నాలుగే ప్రధాన భాగాలు, హద్దు 2 టెరాబైట్లు. దాని తర్వాతది జీపీటీ. పెన్‌డ్రైవ్ యూఈఎఫ్ఐ పద్ధతిలో బూటయితే విండోస్ జీపీటీనే అడుగుతుంది. పాత బయోస్ పద్ధతిలో అయితే ఎంబీఆర్‌ని. ఇవి పొసగకపోవడమే తగాదా అన్నమాట.

కొందరు ‘క్లీన్’ కొట్టి పట్టిక మార్చేస్తారు. అదేం వైద్యమో గాని, ప్రాజెక్టు రిపోర్టుతో సహా అన్నీ పోతాయి! నేనైతే ముందు లైనక్స్ పెన్‌డ్రైవ్‌తో బూట్ చేసి ఫైళ్లు బయటికి తీస్తాను. తర్వాత బయోస్ సెటప్‌లో ‘లెగసీ’ పెట్టి మళ్లీ మొదలెడతాను. అప్పుడు విండోస్ పెన్‌డ్రైవ్ కనబడకపోతే, దాన్నీ ఎంబీఆర్ పద్ధతిలోనే తిరిగి తయారుచేయాలి.