ఖాళీ జాగ అని రాసే ముందు

మేడిపల్లి

బిడ్డా,

నీ ఉత్తరం అందింది. కొత్త కట్టడాలకు జాగ పరిశీలించే బృందంలో చేరావని చదివి సంతోషించాను. మొదటిరోజు చూసిన పడావు చెలక గురించి ‘తుమ్మపొదలు తప్ప ఏమీ లేవు, ఖాళీ జాగ’ అని రాసుకున్నావట. ఆ మాట గురించే ఈ జాబు.

అటవీ శాఖలో చేరిన కొత్తలో ఒక ఎండాకాలం నేనూ మన గుట్ట వెనక బీడు చూసి అలాగే రాశాను. మృగశిర దాటాక మళ్లీ వెళ్తే కుంటలో కప్పల అరుపులు, తడిమట్టి మీద ఎర్రటి ఆరుద్ర పురుగులు. నెత్తి మీద తీతువు ఒకటే గోల. కిందికి చూస్తే గులకరాళ్ల మధ్య, రాళ్ల రంగులోనే నాలుగు గుడ్లు. ఇంకొక్క అడుగు వేస్తే తొక్కేసేవాణ్ణి. నేను రాసిన కాగితం తప్పని ఆ పక్షి చెప్పింది.

2006 నాటి పర్యావరణ ప్రభావ మదింపు నోటిఫికేషన్ కింద తయారయ్యే నివేదికలకు సాధారణంగా వానాకాలం కాని ఒక్క సీజన్ వివరాలు సరిపోతాయి. మన మెట్టనేలల్లో ప్రాణం బయటపడేదే వానలకు! అందుకే ఎవరూ అడగకపోయినా వానలో ఒకసారి వెళ్లు. తెల్లారగట్ల నడువు, చీకటి పడ్డాకా నడువు. అడుగుజాడలు, పెంటికలు, బొరియలు రాసుకో. గొర్లకాపరిని అడుగు, నక్క తిరిగే దారి, చివరిదాకా ఎండని కుంట అతనికి తెలుస్తాయి. పంచాయతీలో ప్రజా జీవవైవిధ్య రిజిస్టర్ ఉంటే తెరిచి చూడు.

హైదరాబాద్‌లోని కంచ గచ్చిబౌలి సంగతి నీకు తెలుసు. కంచ అంటే పశువుల మేతకు విడిచిన భూమి. 2025 మార్చి చివర అక్కడి 400 ఎకరాల్లోకి యంత్రాలు దిగాయి. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు చెట్ల నరికివేతను ఆపి, పర్యావరణ మదింపు జరిగిందా అని అడిగింది. అక్కడ నెమళ్లు, జింకలు ఉన్నాయని దేశమంతా తెలుసుకున్నది చెట్లు కూలాకే. ఆ ప్రశ్న ముందే అడగాల్సినవాళ్లు నీలాంటివాళ్లు.

కట్టొద్దని చెప్పడం నీ పని కాదు, ఎక్కడ కట్టకూడదో చెప్పడం నీ పని. ముందు కుంటను, వాగు ఒడ్డును తప్పించి గీత గీయించు. తప్పించలేనిచోట నష్టం తగ్గించు. ‘బదులుగా మొక్కలు నాటుతాం’ అనే మాటను చివరికి ఉంచు. తీతువుకు కావలసింది బోడినేల. అక్కడ తోట పెంచితే దాని ఇల్లు పోయినట్టే.

ఆ చెలకకు మృగశిర తర్వాత మళ్లీ వెళ్లు బిడ్డా. అప్పటిదాకా ఆ కాగితం మీద సంతకం పెట్టకు.

ఆశీస్సులతో,
మీ తాత