ఆఫ్రికా సంతతివారి అద్భుత, అపరాధ నవలలను గూర్చి మనుమరాలికి

కంకిపాడు

 

విజయవాడ పుస్తక ప్రదర్శనలో నీవు కొన్న పుస్తకముల పట్టికతో గూడిన జాబు అందినది. ఆఫ్రికాలోను, ఆఫ్రికానుండి ఇతర ఖండములకు చెరగొనిపోబడిన జనులలోను పుట్టిన రచయితలు వ్రాసిన అద్భుత నవలలును, అపరాధ పరిశోధక నవలలును వరుసగా చదువ సంకల్పించినట్లు వ్రాసి, ఆ వెంటనే, ఇవి కాలక్షేపమునకే గాని సాహిత్య విద్యార్థినికి పనికివచ్చునవి కావేమో యను సందేహమును గూడ వెలిబుచ్చితివి. సంకల్పము నీది, సందేహము మాత్రము ఎవరో నీ చెవిని వేసినదిగా తోచుచున్నది. చందమామలో దాసరి సుబ్రహ్మణ్యముగారి 'తోకచుక్క' వెలువడుచున్న రోజులలో తరువాతి సంచికకై నెలంతయు ఎదురుచూచిన తరమునకు చెందినవాడను గనుక, పాఠకుని పుటనుండి పుటకు లాగికొనిపోవుట గ్రంథమునకు లోపమని నేనెన్నడును ఒప్పుకొనజాలను.

ఆ జాతుల రచన యనగానే మన తెలుగు చదువరికి ముందుగా స్ఫురించునది 'ఏడు తరాలు'. అలెక్స్ హేలీ 1976లో ప్రకటించిన 'రూట్స్' గ్రంథమును సహవాసి తెలుగుచేయగా హైదరాబాద్ బుక్ ట్రస్ట్ వెలువరించినది. కుంటా కింటే పేరు మన పల్లెలలోని గ్రంథాలయముల వరకు వచ్చినది. అది మనకు జరిగిన మహోపకారమే. అయినను దానివలన ఒక అలవాటు కూడ ఏర్పడినది: నల్లవారి పుస్తకమును చేతబట్టిన క్షణముననే కన్నీటికి సిద్ధపడి, కరుణార్ద్ర హృదయముతో చదువబూనుదుము. కరుణ ఉత్తమ గుణమే, కాని కేవల కరుణతో చదువువాడు తాను గట్టుపై నిలిచి ఏటిలో మునుగుచున్నవానిని చూచుచుండును. అద్భుత కథ గాని, అపరాధ కథ గాని పాఠకుని గట్టుపై నిలువనీయదు. తరువాత ఏమగునో యను ఆతురత అతనిని నీటిలోనికి దింపును. కావున, అమ్మా, ఈ పుస్తకములను జాలితో చదువకుము. తోకచుక్కను మేము చదివినట్లు, ఉత్కంఠతో చదువుము.

అమోస్ టుటువోలాతో ప్రారంభించెదను. నైజీరియా దేశమున యొరుబా జాతిలో పుట్టి, కొద్ది సంవత్సరములు మాత్రమే బడిలో చదివి, లేగోసు నగరమున కార్మికశాఖ కార్యాలయములో బంట్రోతుగా పనిచేసిన ఈయన వ్రాసిన 'ది పామ్-వైన్ డ్రింకార్డ్' 1952లో లండనులో అచ్చయినది. కథానాయకుడు పెద్ద కల్లుప్రియుడు. అతని కొరకు చెట్లెక్కి కల్లు గీయువాడు ఒకనాడు చెట్టుమీదినుండి పడి చనిపోగా, వానిని మరల తెచ్చుకొనుటకు ఇతడు మృతుల పట్టణమునకు బయలుదేరును. తాటిచెట్ల నడుమ పెరిగినదానవు గనుక ఈ ప్రయాణహేతువు నీకు విడ్డూరముగా తోచదు. దారిలో ఒక ఉపకథ కలదు. వచ్చిన వరులనందరిని కాదన్న కన్నె యొకతె, సంతలో ఒక సర్వాంగసుందరుని చూచి, వలదన్నను వినక అతని వెంట అడవిలోనికి పోవును. కొంత దూరము పోగానే ఆ సుందరుడు తన పాదములను వాని యజమానునికి అప్పగించి అద్దె చెల్లించును. మరికొంత దూరమున ఉదరమును, బాహువులను, మెడను, ఒక్కొక్కదానినే ఎవరివి వారికి ముట్టజెప్పి, ప్రతిదానికిని అద్దె లెక్కగట్టి ఇచ్చి, కడకు వట్టి పుర్రెయై మిగులును. కాశీమజిలీ కథలు విన్న చెవికి ఈ పుర్రె పరాయిది కాదు. నాకు ఇందు మిక్కిలి నచ్చినది ఆ అద్దె. భయానకమునంతటిని రచయిత బజారు లెక్కలోనికి దింపినాడు. బజారు మనకు తెలిసినది గనుకనే భయము నమ్మదగినదైనది. అతని ఇంగ్లీషు వ్యాకరణశుద్ధి లేనిదని అతని దేశమునందలి విద్యావంతులే ఆనాడు సిగ్గుపడిరి. ఆ వాక్యములను నీవు మనసులో దిద్దుకొనుచు చదువకుము. బిగ్గరగా చదువుము, కథ చెప్పువాని గొంతు వినబడును.

అద్భుతమునకును రాజ్యమునకును గల వైరమును తెలిసికొనగోరిన గూగీ వా థియాంగోను చదువుము. విచారణ లేకయే కెన్యా ప్రభుత్వము నిర్బంధింపగా, 1978లో కమీటీ కారాగారమున మరుగుదొడ్డి కాగితములపై తన మాతృభాషయైన గికూయులో ఆయన వ్రాసిన 'డెవిల్ ఆన్ ది క్రాస్' నవలలో దొంగలందరు ఒక గుహలో సభచేసి, ఎవడు ప్రజలను ఎక్కువ దోచెనో పోటీపడి చెప్పుకొందురు. దానిని వరవరరావు తానును జైలులో నుండియే తెలుగు చేసెను. గూగీ మరియొక నవల 'మాటిగారి' 1986లో వెలువడగా, మాటిగారి యను వాడొకడు సత్యమును, న్యాయమును వెదకుచు దేశమున తిరుగుచున్నాడని జనులు చెప్పుకొనుట విని, ప్రభుత్వము అతనిని బంధింప నాజ్ఞ యిచ్చినది. తీరా చూడ అతడు నవలలోని పాత్ర. అంతట 1987లో పోలీసులు పుస్తకములనే పట్టుకొనిపోయిరి. కల్పన కాలక్షేపమని నీతో చెప్పినవారికి ఈ వృత్తాంతము వినిపింపుము.

ఇక ఆక్టేవియా బట్లర్. ఆమె 'కిండ్రెడ్' 1979లో వచ్చినది. అందలి కథాకాలము 1976, అనగా హేలీ గ్రంథము వెలువడిన సంవత్సరమే, అమెరికా తన స్వాతంత్ర్యమునకు 200 ఏండ్లు నిండినవని ఉత్సవములు జరుపుకొనిన సంవత్సరమే. కాలిఫోర్నియాలో తన 26వ పుట్టినరోజున, క్రొత్తగా చేరిన ఇంట పుస్తకములు సర్దుకొనుచున్న డేనా యను నల్లజాతి యువతికి కన్నులు తిరుగును. తెలివి వచ్చునప్పటికి ఏదో ఏటి ఒడ్డున నుండును, ఎదుట ఒక తెల్లపిల్లవాడు మునిగిపోవుచుండును. ఆమె దూకి, వానిని గట్టుకు చేర్చి, నోట ఊపిరి యూది బ్రతికించును. ప్రతిఫలముగా ఆ పిల్లవాని తండ్రి తుపాకి ఆమె ముఖమునకు గురిపెట్టును. మరుక్షణము ఆమె తన ఇంటనే, తడిసి బురదయై పడియుండును. ఆ ఏరు మేరీలాండులోనిది, ఆ కాలము 19వ శతాబ్ది తొలిపాదము, ఆ పిల్లవాడు రూఫస్. బానిసల యజమానుని కొడుకు, డేనాకు పూర్వపురుషుడు. వాని ప్రాణమునకు ముప్పు వచ్చినప్పుడెల్ల కాలము ఆమెను పిలుచును. వాడు పెరిగి, ఆలిస్ యను నల్లవనితకు ఒక బిడ్డను కను వరకు బ్రతుకవలెను. లేనిచో డేనా వంశమే లేదు. స్వతంత్రురాలుగా పుట్టి బానిసగా కొనబడిన ఆ ఆలిస్ వద్దకు, తన మంచమునకు రమ్మని నచ్చజెప్పుటకు రూఫస్ డేనానే పంపును. ఇక్కడ నీవు పుస్తకము మూసి కొంతసేపు ఆలోచింపవలెను; నేను ఆలోచించితిని.

ఈ నవలకు బీజమేదో బట్లర్ చెప్పియున్నది. మా పెద్దలు అణగిమణగి బ్రతికినందువలననే మనకీ గతి పట్టినదని తోటి విద్యార్థి యొకడు ఆగ్రహముతో పలికెనట. ఆమె తల్లి ఇతరుల ఇండ్లలో పనిచేసి, దొడ్డిగుమ్మమున లోనికి పోవుచు, వినరాని మాటలు విని, పిల్లను పెంచిన ఇల్లాలు. ఆ సహనములోని ధైర్యము ఆ యువకునకు తెలియలేదు. అది తెలియవలెనన్న నేటి మనిషిని దేహముతో సహా అప్పటి కాలమునకు పంపవలెను. చరిత్ర గ్రంథము ఆ పని చేయజాలదు. అందుకు అద్భుతము కావలసివచ్చెను. కాలయంత్రము ఎట్లు పనిచేసినదని అడుగకుము. అందు యంత్రము లేదు. డేనా తన ఎడమచేతిని పోగొట్టుకొని తిరిగివచ్చునని మొదటి పుటలోనే చెప్పబడినది, ఎందుకో మాత్రము కడవరకు చదువవలెను.

అపరాధ నవలల విషయమున నేను చెప్పవలసినది ఒక్కటే, కాని అది ముఖ్యము. కొమ్మూరి సాంబశివరావుగారి యుగంధర్ నవలలను ఒకనాడు ఆంధ్రదేశమంతయు చదివినది. అందు ఆపద ముంచుకొనివచ్చినప్పుడు యుగంధర్ టెలిఫోను తీసి ఇన్‌స్పెక్టర్ స్వరాజ్యరావుతో మాటలాడును. ఆయన జీపు దిగగానే మనకు ధైర్యము కలుగును. వాల్టర్ మోస్లీ 1990లో వ్రాసిన 'డెవిల్ ఇన్ ఎ బ్లూ డ్రెస్'లో ఈజీ రాలిన్స్‌కు అట్టి టెలిఫోను లేదు. 1948 నాటి లాస్ ఏంజెలెస్. యుద్ధములో పోరాడి వచ్చి, విమానముల కర్మాగారములో ఉద్యోగము పోగొట్టుకొన్న ఈజీకి చిన్న ఇల్లొకటి కలదు, దానిపై తీర్చవలసిన అప్పు కలదు. ఆ నెల వాయిదా కొరకే అతడు ఒక యువతి జాడ వెదకు పనికి ఒప్పుకొనును. హంతకుడెవరో తెలియక ముందే పోలీసులు అతనిని పట్టుకొనిపోయి కొట్టుదురు. అతనికి హంతకుని భయమొకటి, చట్టపు భయమొకటి. రెండింటి నడుమ, తాకట్టులోనున్న తన ఇంటి మీది మమకారము. అప్పు గడువు దగ్గరపడిన రైతు నిద్ర ఎట్టిదో మన కంకిపాడు మార్కెట్టు యార్డు దగ్గర నిలుచున్న ఎవరిని అడిగినను చెప్పుదురు. ఈజీ వారికి బంధువు.

ఈ దారిని మొదట వేసినవారిలో రుడోల్ఫ్ ఫిషర్ యను వైద్యుడు 1932లోనే న్యూయార్కు హార్లెములో, పాత్రలందరు నల్లవారే యైన పరిశోధక నవల వ్రాసెను. తరువాత చెస్టర్ హైమ్స్. దోపిడి నేరమునకు యౌవనమున ఒహాయో కారాగారమున పడి, అక్కడనే కథలు వ్రాయ నేర్చి, కడకు ఫ్రాన్సు చేరి, హార్లెము పోలీసులిద్దరిని నాయకులుగా చేసి వ్రాసిన నవలకు 1958లో ఫ్రెంచివారి అపరాధ సాహిత్య పురస్కారమందిన ఆయనను స్వదేశము ఆలస్యముగా గుర్తించినది. అతని హింస మితిమీరినది. అది నీవు తరువాత చదువవచ్చును.

ఈ నవలలను చదివిన పిదప మన నవలలను మరల తీసి, భయమెవరిది, చట్టము ఎవరి మాట నమ్మును అని ప్రశ్నించుకొనుము. 1985లో కారంచేడు, 1991లో చుండూరు దళితుల ఊచకోతలు మన కోస్తాలోనే జరిగినవి. అట్టి ఊరికి యుగంధర్ వంటివాడు వచ్చినచో ముందు ఎవరి వాడలో అడుగుపెట్టును, ఎవరు అతనితో నోరు విప్పుదురు? మన అపరాధ నవల ఈ ప్రశ్నను అడుగవలసినంతగా అడుగలేదని నా నిశ్చితాభిప్రాయము. అడుగు నవల నీ తరమువారు వ్రాయవలెను.

నెడీ ఒకొరాఫోర్‌ను గూర్చి అడిగితివి. నైజీరియా తల్లిదండ్రులకు అమెరికాలో పుట్టిన ఈమె 'హూ ఫియర్స్ డెత్' నవలకు 2011లో ప్రపంచ ఫాంటసీ పురస్కారము వచ్చినది. ఆనాటి పురస్కార ప్రతిమ లవ్‌క్రాఫ్ట్ యను రచయిత శిరస్సు. ఆయన నల్లవారిని మనుష్యులలో లెక్కింపని పద్యము వ్రాసినవాడు. తనను మనిషిగా ఒప్పుకొనని వాని ముఖమును తన గెలుపునకు గుర్తుగా ఇంట ఉంచుకొనవలసివచ్చిన సంకటమును ఆమె దాచక వ్రాసినది. 2015లో ఆ ప్రతిమను మానివేసిరి. ఎన్.కె. జెమిసిన్ మూడు సంపుటములు 2016, 2017, 2018లలో వరుసగా హ్యూగో పురస్కారములందినవి. అంతకుముందు ఎవరికిని అట్లు జరుగలేదు. భూకంపములను ఆపగల శక్తిగలవారినే లోకము ద్వేషించి, కట్టడిలో నుంచి వాడుకొను కథ అది. విలయము వచ్చినప్పుడు ధాన్యము ఎవరికి దక్కును, ఊరినుండి ఎవరు వెళ్లగొట్టబడుదురు అను లెక్క అందు నిర్దయగా సాగును. 1977 నవంబరు 19 నాటి దివిసీమ ఉప్పెనను ఎరిగిన మాకు ఆ పుటలు చదువుట సులభము కాదు. అందు ఒక కథ యంతయు 'నీవు' అని నడచును. మొదట చికాకు కలిగినను విడువకుము.

ఈ రచయితలందరిని ఒకే గాటకట్టకుము. లేగోసు యొరుబావాని పుర్రెయు, మేరీలాండు పొలమునందలి కొరడాయు వేరువేరు చరిత్రలు; ఒకరు వ్రాసినది ఖండమంతటికి సాక్ష్యము కాదు. పీఠికలు ముందుగా చదువకుము. తెలియని దేవతల పేర్లకు ఆగి వెదకుచు కూర్చుండకుము. కథ వేగమున కొన్ని అవే తెలియును. రెండవమారు చదువునప్పుడు మాత్రము కలము పట్టుకొనుము.

వరుస చెప్పుమన్నావు. మొదట ఓయిన్కాన్ బ్రెయిత్‌వెయిట్ 2018లో ప్రకటించిన 'మై సిస్టర్, ది సీరియల్ కిల్లర్': చిన్నది, ఒక రాత్రిలో ముగియును, చంపినదెవరో ఆదిలోనే తెలియును గనుక, నర్సుగా పనిచేయు ఆ అక్క చెల్లెలి నెత్తురు మరకలను ఎందుకు కడుగుచున్నదనునదే ప్రశ్న. తరువాత టుటువోలా. అటుపిమ్మట మోస్లీ. పరీక్షలు ముగిసిన పిమ్మటనే 'కిండ్రెడ్' పట్టుము, నడుమ ఆపవలసిరారాదు. ఆలిస్ వద్దకు రూఫస్ మాటను డేనా మోసుకొనిపోవుట తప్పో కాదో నీకు తోచినది నాకు వ్రాయుము. నా అభిప్రాయము ముందుగా చెప్పను. ఉగాదికి ఇంటికి వచ్చునప్పుడు చదివిన పుస్తకములను తెచ్చి ఇచ్చట విడిచిపొమ్ము. మన వీధిలో ఇంటర్ చదువు పిల్లలు ఇద్దరు ముగ్గురు ఇప్పుడే నన్ను అడుగుచున్నారు.

ఇట్లు,
ఆశీర్వదించు
మీ తాతయ్య