పరుగు, పిక్కలు, సుబ్బారావు

కానిస్టేబుల్ సెలక్షన్ల కోసం విడవలూరు రోడ్లమీద తెల్లారకముందే పరుగెత్తే తమ్ముళ్ళూ! పరుగు అందుకున్న తొలి క్షణాల్లో మీ పిక్కలను ఆదుకునే నిల్వ పేరు ఫాస్ఫోక్రియాటిన్. 1927లో హార్వర్డ్‌లో ఫిస్కేతో కలిసి దీన్ని వెల్లడించింది మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. (చదువు ఖర్చులకు ఆయన బోస్టన్ ఆసుపత్రిలో రాత్రిళ్ళు రోగుల మలమూత్రపు పాత్రలు కడిగారు. నర్సింగ్ చదివే చెల్లెళ్ళు గమనించాలి!) కండరం పనిచేస్తే ఈ నిల్వ తరుగుతుంది, విశ్రాంతిలో మళ్ళీ నిండుతుంది.

మర్నాటి నొప్పి వేరు. అలవాటులేని శ్రమకు కండరపు పోగులు సూక్ష్మంగా చిట్లుతాయి. నాలుగైదు రోజుల్లో నొప్పి తగ్గుతుంది. బాగా దెబ్బతింటే మాత్రం, ఈ నిల్వతో పనిచేసే క్రియాటిన్ కైనేజ్ అనే ఎంజైము రక్తంలోకి కారిపోతుంది. డాక్టర్లు రాసే సి.కె. పరీక్ష దానికే. మూత్రం టీ డికాక్షన్ రంగులో వస్తే ఓర్చుకోకండి, మూత్రపిండాలకే ముప్పు. ఆ రోజే ఆసుపత్రికి వెళ్ళండి.