కాయకశుద్ధి లేని దాసోహము

కల్యాణమున ఆయ్దక్కి మారయ్య యను శరణుడుండెను. ఆయ్దక్కి యనగా ఏరిన బియ్యమని కన్నడమున అర్థము. బసవేశ్వరుని మహామనె వాకిట దాసోహమునకై బియ్యము కొలుచునపుడు నేల రాలిన గింజలను ఏరి తెచ్చుటయే ఆయన కాయకము. ఆ గింజలనే ఆయన ధర్మపత్ని లక్కమ్మ వండి, జంగమార్చన జరిపి, శేషమును దంపతులిరువురు ప్రసాదముగా గ్రహించెడివారు. ఒకనాడు మారయ్య నిత్యము తెచ్చుదానికంటె ఎక్కువ బియ్యము తెచ్చెను. లక్కమ్మ దానిని చేట కెత్తలేదు. నేటికి చాలినంత యుంచి, మిగిలినది ఎచట ఏరినదో అచటనే పోసి రమ్మని భర్తను తిరిగి పంపెను.

ఈ కథ శరణబంధువుల ఇండ్లలో పిల్లలకు సైతము తెలిసినదే. పెద్దలు దీనిని నిరాశకు, అనగా ఆశ లేకుండుటకు ఉదాహరణముగా చెప్పుదురు. అది సరియే. కాని ఇందు మరియొక సూక్ష్మము కలదు. మారయ్య ఎవరి సొత్తును దొంగిలించలేదు. ఎవరిని మోసగించలేదు. రాలిన గింజలను ఏరుట ఆయనకు విహితమైన పనియే. ఆ బియ్యము పోవలసినదియు జంగమ దాసోహమునకే. రాబడి నిర్దోషము, వ్యయము పుణ్యకార్యము. అయినను లక్కమ్మ సమ్మతింపలేదు. వచ్చిన సొమ్మును ఎంత మంచి పనికి వెచ్చించితిమన్నది ఆమెకు రెండవ ప్రశ్న. అది ఎట్లు వచ్చినది, ఎంత వచ్చినది, అంత రావలసియుండెనా యన్నది మొదటి ప్రశ్న. కాయకమును గూర్చి లోకమున సూక్తిగా నిలిచిన మాట మారయ్య వచనమునందే కనబడుచున్నది గాని, ఆ మాటకు కొలపాత్ర పట్టి చూపినది లక్కమ్మయే యనవలెను.

కాయకము వేరు, కేవల సంపాదన వేరు. ఒడలు వంచి, ఇతరులకు హాని లేక, సమాజమునకు ఉపయోగముగా చేసిన పని కాయకము. ఆ ఫలమును తనదని కూడబెట్టక జంగమమునకు, అనగా చరించు శివునకు, అర్పించుట దాసోహము. ఈ రెండును ఒకే త్రాటి రెండు పేటలు. దాసోహము దానము వంటిది కాదు. దానమున దాత పైన, గ్రహీత క్రింద నుందురు. దాసోహమున ఇచ్చువాడే దాసుడు. కనుకనే ఇచ్చువాని చేతి శుద్ధిని శరణులు అంత నిశితముగా విచారించిరి.

బసవేశ్వరుని జీవితమునను ఇదియే కానవచ్చును. ఆయన బిజ్జలుని కొలువున భాండాగారమును నిర్వహించెను. పరుల ధనము ఆయన చేతిలో నుండెను; ఇంట నిత్య దాసోహము జరుగుచుండెను. రాజధనమును జంగములకు పంచిపెట్టుచున్నాడని అసూయాపరులు బిజ్జలునకు చాడి చెప్పిరి. ధనమును లెక్కింపగా తరుగు లేదని తేలినట్లు పాల్కురికి సోమనాథుడు తన ద్విపద కావ్యమైన బసవపురాణమున వర్ణించెను. భక్తులు దీనిని మహిమగా చదువుదురు. చదువవలసినదే. అయినను ఒక మాట గమనింపదగును. తాను భక్తుడనని, తన దాసోహమే తన నిజాయితీకి సాక్షియని చెప్పి బసవేశ్వరుడు లెక్కను తప్పించుకొనలేదు. పెట్టె తెరిపించెను.

నేడు వర్తకము ఒక కొట్టుతోనో, ఒక కుటుంబముతోనో ఆగుట లేదు. వేలమంది వాటాదారుల సొమ్ముతో కంపెనీలు నడచుచున్నవి. వాని సామాజిక బాధ్యతను మన దేశమున చట్టమే నిర్ణయించినది. 2013 కంపెనీల చట్టములోని 135వ సెక్షను 2014 ఏప్రిల్ 1 నుండి అమలులోనికి వచ్చినది. ముందటి ఆర్థిక సంవత్సరమున నికర విలువ 500 కోట్ల రూపాయలు గాని, టర్నోవరు 1000 కోట్లు గాని, నికర లాభము 5 కోట్లు గాని, అంతకు మించి గాని యున్న కంపెనీ, గడచిన మూడేండ్ల సగటు నికర లాభములో కనీసము 2 శాతమును ప్రజాహిత కార్యములకు వినియోగింపవలెను. ఆకలి, పేదరికముల నిర్మూలనము, విద్య, వైద్యము, పరిసరముల రక్షణ, ప్రాచీన కట్టడముల పునరుద్ధరణము మున్నగునవి ఏడవ షెడ్యూలున పేర్కొనబడినవి. తన ఉద్యోగులకు మాత్రమే ఉపకరించు పనియు, రాజకీయ పక్షములకిచ్చు విరాళమును లెక్కకు రావు. 2021 సవరణల పిమ్మట, వెచ్చింపక మిగిల్చిన సొమ్మును నిర్ణీత కాలములో నిర్దేశించిన నిధికి బదిలీ చేయవలెను. లేనిచో జరిమానా కలదు.

ఇది మెచ్చుకొనదగిన చట్టము. అయితే ఈ సెక్షను ప్రశ్నించునది 2 శాతమును గూర్చియే. తక్కిన 98 శాతము మాట యేమి? అసలు ఆ నూరు ఎట్లు సమకూరినది? దానికి ఇదే చట్టములో 166వ సెక్షను కలదు. డైరెక్టరులు వాటాదారుల మేలునే గాక ఉద్యోగులయు, సమాజముయొక్కయు, పరిసరములయొక్కయు మేలును దృష్టియందుంచుకొని సద్భావముతో నడువవలెనని అది విధించుచున్నది. 135వ సెక్షనుకు వచ్చిన ప్రచారము దీనికి రాలేదు. శిలాఫలకములు 2 శాతమునకే వెలయును గదా!

ఈ చట్టము పుట్టుటకు ముందే తెలుగువారి కండ్లయెదుట ఒక పాఠము నడచినది. 1987లో స్థాపింపబడిన సత్యం కంప్యూటర్స్ హైదరాబాదుకు కీర్తి తెచ్చిన సంస్థ. ఆ కుటుంబమువారు 2001లో నెలకొల్పిన బైర్రాజు ఫౌండేషను పల్లెలలో త్రాగునీరు, ఆరోగ్యము మున్నగు పనులు చేపట్టెను. 2005లో వారి చొరవతో ప్రారంభమైన 108 అత్యవసర వాహన సేవ ఇతర రాష్ట్రములకును వ్యాపించినది. ఆ వాహనమెక్కి ప్రాణము దక్కించుకొనిన గర్భిణికి కంపెనీ లెక్కలతో పని లేదు. ఆ సేవ అసత్యము కాదు. కాని 2009 జనవరి 7న సంస్థాధ్యక్షుడు రామలింగరాజు వ్రాసిన లేఖ బయటపడినది. పుస్తకములలో చూపిన 5,361 కోట్ల నగదు, బ్యాంకు నిల్వలలో 5,040 కోట్లు అసలు లేనేలేవని అందు అంగీకరించెను. 2008 సెప్టెంబరుతో ముగిసిన త్రైమాసికమునకు 649 కోట్లని ప్రకటించిన లాభము వాస్తవమునకు 61 కోట్లే. 2015 ఏప్రిల్ 9న హైదరాబాదులోని ప్రత్యేక న్యాయస్థానము రామలింగరాజును, మరి తొమ్మండుగురిని దోషులుగా నిర్ణయించి ఏడేండ్ల శిక్ష విధించినది. పిదప ఆ శిక్ష అప్పీలు విచారణ ముగియువరకు నిలుపబడినది.

తప్పును కప్పుటకే సేవ చేసిరని ఇచట అనుట లేదు. మనుష్యుని మనస్సున రెండును ఒకేసారి ఉండవచ్చును. కష్టము అచటనే యున్నది. ఇచ్చు చేయి నిజముగా మెత్తనిదైనప్పుడు, తెచ్చు చేతిని ఎవరును చూడరు. చూడవలసిన డైరెక్టరులు చూడలేదు, ఆడిటరులు చూడలేదు. లేని నిల్వ ఉన్నదని నమ్మి కష్టార్జితమును వాటాలలో పెట్టినవారు నష్టపడిరి. ఉద్యోగులు వేలాదిగా రేపటి జీతమునకు దిగులుపడిరి. మంచి పని ఎంత చేసియున్నను అది ఆ లెక్కలో జమకు రాలేదు.

ఇది పెద్ద కంపెనీల గొడవ, మనకేమి యని కిరాణా వర్తకుడు, ధాన్యపు కమీషను కొట్టు యజమాని అనుకొనరాదు. 135వ సెక్షను వారిని ముట్టదు. లక్కమ్మ ప్రశ్న ముట్టును. రైతు బస్తా కాటా మీద నున్నప్పుడు తరుగు పేర ఎన్ని కిలోలు కోయబడుచున్నవి? హమాలీకి నాటి కూలి నాడే అందుచున్నదా? పదేండ్లుగా గల్లా పెట్టె యొద్ద కూర్చున్న గుమాస్తా కూతురి పెండ్లికి బాకీ జీతమును అప్పువలె అడుగుకొనవలసి వచ్చుచున్నదా? నులియ చందయ్య నారతో త్రాళ్లు పేని అమ్మి దాసోహము చేసిన శరణుడు. త్రాటికి తగిన వెలకు మించి వచ్చిన ధనమును, అది బసవేశ్వరుడిచ్చినదైనను, ఆయన స్వీకరింపలేదని చెప్పుదురు. శివరాత్రికి వేయిమందికి అన్నము పెట్టు వర్తకుడు తూకములో అరకిలో తగ్గించినచో, ఆ పంక్తిలో కూర్చున్నవాడు తన బియ్యమునే ప్రసాదముగా తినుచున్నాడన్నమాట.

ఇక మఠముల విషయము. మఠముల ఆధ్వర్యమున నడచు వసతిగృహములు, పాఠశాలలు, అన్నదానములు కంపెనీల సామాజిక నిధిని కోరవచ్చును. మతారాధనము ఏడవ షెడ్యూలున లేదు గనుక రథోత్సవమునకు, పూజకు ఆ సొమ్ము తగదు. నిధి పొందగోరు ట్రస్టు లేక సొసైటీ ఆదాయపు పన్ను శాఖవారి నమోదులతోపాటు, 2021 ఏప్రిల్ నుండి సి.ఎస్.ఆర్. - 1 పత్రము దాఖలు చేసి సంఖ్య పొందవలెను. ఖర్చుకు రసీదులు, లెక్కలు సిద్ధముగా నుంచవలెను. ఇదంతయు కంపెనీ మఠమును విచారించు పద్ధతి.

మఠము కంపెనీని విచారించు పద్ధతి ఏ పత్రమునను లేదు. దాత వచ్చినప్పుడు శాలువ సిద్ధమగును, ఫలకము చెక్కుటకు శిల్పి వచ్చును. ఆ ఫలకము చెక్కకముందు, ఆ కర్మాగారపు మురుగు ఏ చెరువున కలియుచున్నదో, అందు పనివారికి భవిష్యనిధి జమ యగుచున్నదో లేదో ఒకరిద్దరు పెద్దలు పోయి కనుగొని వచ్చుట కష్టము కాదు. దాత నొచ్చుకొనునని కొందరు జంకుదురు. మారయ్య నొచ్చుకొనినట్లు ఎక్కడను లేదు. బియ్యపు మూట భుజమున వేసికొని, వచ్చిన దారినే మహామనెకు తిరిగి నడచెను.