కావలి కుక్క

కుక్క లేని పల్లె లేదు. పగలెల్ల అరుగు నీడను ముడుచుకొని నిద్రించు కుక్క, రాత్రి రెండవ జామున దొడ్డిలో ఎండుటాకు అల్లాడినను తటాలున లేచి నిలుచును. చెవులు రిక్కించును, గాలి వచ్చు దిక్కునకు ముక్కు త్రిప్పును, పిదప మొరుగును. దానికి ఈ విద్య నేర్పిన గురువెవ్వడును లేడు. అట్లయినచో కావలి కుక్కను పెంచుటకు వేరుగా శ్రమపడుట యెందుకు? పిల్లను దెచ్చి, మెడకు గొలుసు తగిలించి, వేళకింత అన్నము పడవేసిన చాలదా? పలువురు ఇట్లే తలంతురు. కాని అట్లు పెంచిన కుక్కలే పాలుపోయు మనిషిని, ఉత్తరములు తెచ్చు తపాలా జవానును, ఒక్కొక్కప్పుడు ఆ యింటి పసిబిడ్డనే కరచుట కలదు.

కావలి గుణము కుక్కకు పుట్టుకతో వచ్చునది. ఇందు సందేహము లేదు. ఎవరు తనవారో, ఎవరు పరులో, ఏ చప్పుడునకు బెదరవలెనో, దేనికి బెదరనక్కరలేదో అను వివేకము మాత్రము పుట్టుకతో రాదు. అది పిల్లదశలో, మిక్కిలి కొద్దికాలములో, నేర్చుకొనవలసినది. ఆ కాలము దాటినచో మరల తెచ్చుకొనుట కష్టము.

కుక్కకు మూలపురుషుడు తోడేలు. తోడేళ్లు గుంపుగా జీవించును. గుంపులోని పిల్లలను అన్నియు కలిసి సాకును. పరుల వాసన సోకినంతనే ఒండొంటిని హెచ్చరించుకొనును. మనుష్యుని చెంతకు చేరిన పిదప కుక్కకు మనుష్యుని కుటుంబమే గుంపైనది. ఈ చెలిమి ఎంత ప్రాచీనమో తెలుపు నిదర్శనమొకటి జర్మనీ దేశమున కలదు. బాన్ నగరము చెంత ఓబర్‌కాసెల్ అను చోట 1914లో ఒక సమాధి బయల్పడినది. అందు ఒక స్త్రీ, ఒక పురుషుడు, వారితోపాటు ఒక పడుచు కుక్క యెముకలు కనుగొనిరి. అవి దాదాపు 14,000 ఏండ్లనాటివి. ఆ కుక్క పండ్లను ఈ మధ్య పరిశీలించిన పండితులు, అది పిల్లగా నుండగా తీవ్రముగా జబ్బుపడెననియు, మనుష్యులు వారముల తరబడి సేవచేయుటవలననే కొంతకాలము బ్రతికెననియు అభిప్రాయపడిరి. అప్పుడది వేటకుగాని కావలికిగాని పనికివచ్చు స్థితిలో లేదు. అయినను వారు దానిని విడువలేదు.

పిల్లదశయందలి ఆ కొద్దికాలమెంత? అమెరికాలోని బార్ హార్బర్ అను ఊరి ప్రయోగశాలలో ఫ్రీడ్‌మన్, కింగ్, ఇలియట్ అను మువ్వురు శాస్త్రజ్ఞులు దీనిని పరీక్షించి, 1961లో ఫలితములు ప్రకటించిరి. వారు కొన్ని కుక్కపిల్లలను తల్లులతో కూడ ఎత్తైన కంచెగల పొలములో, మనుష్య సంపర్కము లేకుండ పెంచిరి. కొన్నింటిని మూడవ వారమున, కొన్నింటిని ఐదవ వారమున, మరికొన్నింటిని ఏడవ, తొమ్మిదవ వారములలో ఒక్కొక్క వారము పాటు లోనికి తెచ్చి, వానితో ఆడి, మరల పొలములో విడిచిరి. చిన్న వయసున వచ్చినవి వెంటనే చేరువైనవి. తొమ్మిదవ వారమున వచ్చినవి తొలుత వెనుదీసినవి. పదునాలుగు వారములు నిండువరకు మనుష్యుని ఎరుగని పిల్లలైతే అడవి మృగములవలె బెదరి పారిపోయినవి. వానిని మాలిమి చేయుట గగనమైనది. కనుక మూడవ వారము మొదలు సుమారు పండ్రెండు, పదునాలుగు వారములవరకు గల కాలమే కుక్కకు బడి.

ఈ రహస్యమును గొర్రెలకాపరులు ఏ ప్రయోగశాలయు లేకయే ఎరుగుదురు. హిమాచల ప్రదేశములోని చంబా, కాంగ్డా సీమల గద్దీ కాపరులు మందలతో కొండలెక్కునపుడు బలిష్ఠములైన కుక్కలను వెంటగొనిపోవుదురు. చిరుతపులి కుక్కను గొంతువద్ద పట్టును గనుక, వాని మెడలకు ముళ్లుగల ఇనుప పట్టీలు తొడుగుదురు. ఆ కుక్కలు పిల్లనాటినుండి మంద నడుమనే పెరుగును. ఆఫ్రికా ఖండపు నైరుతి భాగముననున్న నమీబియాలో ఈ పద్ధతియే మరియొక మేలు చేసినది. అచ్చట చీతాలు మేకలను ఎత్తుకొనిపోవుటచే రైతులు వానిని తుపాకులతో కాల్చుచుండిరి. చీతాల రక్షణకు ఏర్పడిన సంస్థ 1994 నుండి టర్కీ దేశపు అనటోలియా జాతి కుక్కపిల్లలను రైతుల కిచ్చుట కారంభించెను. పిల్లను ఎనిమిది వారముల ప్రాయముననే మేకలదొడ్డిలో విడుతురు. అది అచ్చటనే తిని, అచ్చటనే పరుండి, మేకలే తన బలగమని నమ్మును. చీతా వచ్చినపుడు ఆ కుక్క వేటాడదు. మందకును చీతాకును నడుమ నిలిచి బిగ్గరగా మొరుగును. గాయపడిన చీతా వేటాడి బ్రతుకలేదు గనుక అది జగడమునకు దిగక తొలగిపోవును. మేక దక్కినది, చీతాయు దక్కినది. 2022లో మన దేశపు కూనో అడవికి తొలుత తెచ్చిన ఎనిమిది చీతాలు ఈ నమీబియా నుండి వచ్చినవే.

ఇంటి కుక్కకును ఇదే న్యాయము. మేకల నడుమ పెరిగినది మేకలను కాచినట్లు, పిల్లల నడుమ పెరిగినది పిల్లలను కాచును. పిల్లను ఎనిమిది వారములు నిండకమున్నే తల్లినుండి వేరుచేయరాదు. తోడి పిల్లలతో ఆడుచు గట్టిగా కరచినపుడు ఎదుటిది కీచుమని ఆట మానివేయును. ఎంత మెల్లగా పట్టవలెనో దానికప్పుడు తెలియును. ఇంటికి వచ్చిన పిదప కఱ్ఱపట్టి నడచు తాత, ఏడ్చు పసివాడు, గొడుగు వేసికొని వచ్చు మనిషి, తలపై గంపనెత్తుకొనిన కూరలమ్మి, దొడ్డిలోని పశువులు, రోడ్డుపై పోవు బస్సు – వీనినెల్ల మెల్లమెల్లగా దానికి చూపవలెను. టీకాలు పూర్తియగువరకు వీధికుక్కలు తిరుగు నేలపై దింపక, చేతులలో నెత్తుకొని చూపుట మేలు. పరిచయము ఎక్కువైనచో కుక్క దొంగకును తోక యాడించునని కొందరి భయము. అది సరికాదు. మామూలు రాకపోకలు తెలిసిన కుక్కయే మామూలు కానిదానిని పోల్చగలదు. ప్రతివానిని చూచి మొరుగు కుక్క మొర ఎవరు లక్ష్యపెట్టుదురు?

జాతినిబట్టియు శ్రమ మారును. తమిళనాడులోని రాజపాళయమున తెలుగు మాటలాడు రాజుల కుటుంబములు తరతరములుగా పెంచిన కుక్క ఆ ఊరి పేరనే ప్రసిద్ధమైనది. తెల్లని మేను, గులాబివన్నె ముక్కు, పొడవైన కాళ్లు దాని లక్షణములు. 2005లో భారత తపాలాశాఖ నాలుగు దేశవాళీ కుక్కల బొమ్మలతో వెలువరించిన బిళ్లలలో ఇదియు నొకటి. ఇది యజమానికి ప్రాణమిచ్చునుగాని క్రొత్తవారిని సులభముగా చేరనీయదు. అందుచే దీనికి పిల్లనాటి పరిచయములు మరింత అవసరము. దాని ఠీవిని మాత్రమే చూచి తెచ్చి, శ్రమపడుటకు వెనుదీయువారు దానిని తేకుండుటయే మంచిది.

కొట్టిన కుక్క రోషము గలదగునని చెప్పుట మరియొక దురభిప్రాయము. దెబ్బలవలన పుట్టునది రోషము కాదు, భయము. భయపడిన కుక్క ఎవరినైనను కరచును. నన్నయ భారతము చదువు విద్యార్థులకు ఆదిపర్వములోని సరమ కథ తెలియును. సర్పయాగము చేసిన జనమేజయుడు అంతకుమున్ను దీర్ఘసత్రము చేయుచుండగా, ఏ తప్పును చేయని సారమేయమను కుక్కపిల్లను అతని తమ్ములు కొట్టిరి. తల్లియగు సరమ వచ్చి, అకారణముగా కొట్టినందులకు ఎదురుచూడని భయము కలుగునని రాజును హెచ్చరించెను. కుక్క గుర్రుమనుటయు హెచ్చరికయే. దానికై దండించినచో అది గుర్రుమనుట మానునుగాని భయము మానదు. అటుపిమ్మట చెప్పకయే కరచును. గొలుసు సంగతియు నిట్టిదే. పగలెల్ల కట్టియుంచిన కుక్కకు పారిపోవు దారి లేదు. కనుక దగ్గరకు వచ్చిన ప్రతివాడును దానికి శత్రువువలె తోచును. ప్రహరీలోపల విడిచి తిరుగనిచ్చుట, ఉదయసాయములందు నడిపించుట మేలు.

ఎంత మంచి కుక్కయైనను, పసిపిల్లలతో దానిని ఒంటరిగా విడువరాదు. అది తినునపుడును, నిద్రించునపుడును, ఈని పిల్లలకు పాలిచ్చునపుడును దగ్గరకు పోరాదు. మూడు నెలలు నిండగనే రేబిస్ టీకా వేయించి, వైద్యుడు చెప్పిన గడువున మరల వేయించుచుండవలెను. ఎవరినైనను కుక్క కరచినచో గాయమును వెంటనే సబ్బుతో, ధారగా పారు నీటితో పదునైదు నిమిషములు కడిగి, ఆలస్యము లేక ఆసుపత్రికి పోవలెను. పసుపు, సున్నము, ఆకుపసరు పూయరాదు. లక్షణములు పొడసూపిన పిదప ఆ వ్యాధినుండి బ్రతుకుట దాదాపు అసాధ్యము; ముందుగా టీకాలు వేయించుకొన్నచో నివారింపవచ్చును. బొడ్డుచుట్టు పదునాలుగు సూదులని పెద్దలు చెప్పు చికిత్స నేడు లేదు.

ఇట్లు పెరిగిన పిల్ల తొలిదినములలో కావలి యేమియు కాయదు. వచ్చినవారి చెప్పులు లాగును, పిలిచినవారి ఒడిలో నిదురపోవును. ఇది పనికిరాని కుక్కయని ఇంటివారు నిరాశపడుటయు కలదు. ఏడాది నిండువేళకు, ఒకనాటి రాత్రి, ఎన్నడును వినని గంభీర స్వరముతో అది మొరుగును. అప్పుడు దానిని కసరక, దీపము తీసికొని లేచిపోయి, అది చూపిన దిక్కున చూడవలెను. దడి దాటిన దూడయే కావచ్చును. చూచి, తల నిమిరి, ఇక చాలునని చెప్పినచో, అది మరల అరుగు మీదికి వచ్చి పరుండును.