రీలు మీద పేరు చెరిపే ముందు

ఎనిమిదో తొమ్మిదో తరగతి చదివే పిల్లలున్న ఇళ్లలో ఇప్పుడు ఒక ‘పేజీ’ ఉండటం మామూలైపోయింది. ఒకడిది అభిమాన హీరో ఎంట్రీ సీన్లకు పాట కలిపే ఎడిటింగ్ పేజీ. ఇంకొకడిది మీమ్ పేజీ. ఒకమ్మాయి వంటల వీడియోలు ఏరి పెడుతుంది, మరొకమ్మాయి ముగ్గులవి. వీళ్లు సొంతంగా తీసేది తక్కువే. ఎక్కడో బాగున్న వీడియో దించుకుంటారు, మూలన ఉన్న పేరునో లోగోనో ఒక యాప్‌తో తుడిచేస్తారు, తమ పేజీలో పెట్టేస్తారు. లైకులు వస్తాయి. తెచ్చి మనకు చూపిస్తారు. మనమూ మురిసిపోతాం. అది వాళ్లు తీసింది కాదని మనకు తెలియదు. తెలిసినా అందులో తప్పేముందో వెంటనే తట్టదు.

తెలిసిన రోజున మాత్రం కేకలెయ్యకండి. దొంగతనం అన్న మాట అసలే వద్దు. వాళ్ల లెక్కలో అది దొంగతనం కాదు, వీడియోని ‘క్లీన్’ చెయ్యడం. ఫోన్ లాక్కుంటే అదే పేజీ స్నేహితుడి ఫోన్‌లో ఇంకో ఐడీతో తెరుచుకుంటుంది, ఈసారి మీకు చూపించరు. పైగా, తాళం ఎక్కడ పడుతుందో చూసుకుని అక్కడే కట్ పెట్టడం నేర్చుకున్న పిల్లవాడి చేతిలో ఒక పనితనం ఉంది. అది పోకూడదు. ఆ పని ఎదుటివాళ్ల పేరు తియ్యకుండా చెయ్యమని చెప్పడమే మన వంతు.

ఆ పేరు అక్కడ ఎందుకుందో ముందు మనకు తెలియాలి. టిక్‌టాక్ వీడియో దించుకుంటే లోగో, దాని కింద పెట్టినవాళ్ల ఐడీ కనిపించేవి గుర్తుందా? అవి ఒకచోట కుదురుగా ఉండవు, వీడియో నడుస్తుండగా ఈ మూల నుంచి ఆ మూలకు మారతాయి. ఒక పక్క కత్తిరించి వదిలించుకోవడం కుదరదు. 2020 జూన్ 29న మన దేశంలో టిక్‌టాక్‌ను నిషేధించాక ఆ ఖాతాలు ఇక్కడివాళ్లకు అందకుండా పోయాయి. ఎవరెవరి ఫోన్లలోనో మిగిలిపోయిన వీడియోలు ఎవరివో ఇవాళ్టికీ చెప్పేది ఆ ఎగిరే పేరే. జగిత్యాల జిల్లా లంబాడిపల్లి సంగతి చూడండి. మై విలేజ్ షో అన్న యూట్యూబ్ ఛానల్ పేరూ అందులో నటించిన గంగవ్వ ముఖమూ కలిసి తిరిగాయి కాబట్టే ఆ ఊరు బయటి జనానికి తెలిసింది. అవే వీడియోలు పేరు లేకుండా వాట్సాప్‌లో తిరిగి ఉంటే నవ్వుకుని వదిలేసేవాళ్లం, ఎవరీవిడ అని వెతికేవాళ్లం కాదు. పాటలో మువ్వగోపాలుడు వస్తే అది క్షేత్రయ్య పదమని పోల్చుకునే జాతి మనది. బొమ్మ మూలన బాపు సంతకం కత్తిరించి క్యాలెండర్ వేస్తే మనకు ప్రాణం చివుక్కుమంటుంది. వీడియో తీసిన కుర్రాడికీ అంతే.

అలాగని గుర్తు తియ్యడమే తప్పనడం లేదు. సొంత వీడియో మీది గుర్తు సంగతి వేరు. కైన్‌మాస్టర్ లాంటి ఎడిటింగ్ యాప్ ఉచితంగా వాడితే మూలన దాని పేరు పడుతుంది, డబ్బు కట్టినవాళ్లకు పడదు. మీ అమ్మాయి డాన్స్ వీడియో మీద ఆ పేరు బాగుండలేదనిపిస్తే డబ్బు కట్టండి, లేదా ఇన్‌షాట్‌లో లాగా ఓ ప్రకటన చూసి తీయించుకోండి, లేదా ఉండనివ్వండి. ఎవరో పంపిన ‘మోడ్ ఏపీకే’ (డబ్బు కట్టకుండా వాడుకునేలా మార్చిన యాప్ ఫైలు) మాత్రం వేసుకోనివ్వకండి. ఇక ఒకే వీడియోని రెండు మూడు చోట్ల పెట్టాలనుకునే పిల్లలకు తేలికైన దారుంది: ఏ యాప్‌లోకీ ఎక్కించకముందే, గుర్తు లేని కాపీ ఒకటి గ్యాలరీలో దాచుకోవడం. అప్పుడు తుడవాల్సిన అవసరమే రాదు. ఆ కాపీ ఇంకో విధంగానూ పనికొస్తుంది, అది తర్వాత చెబుతాను.

ఇతరుల వీడియోల మీద గుర్తు తియ్యడానికి పిల్లలు వాడేవి రెండు రకాలు. లింక్ అతికిస్తే గుర్తు లేని ఫైలు ఇచ్చే వెబ్‌సైట్లు ఒకటి. చాలా యాప్‌లలో గుర్తు పడేది వీడియోని దించుకునేటప్పుడు కాబట్టి, ఈ సైట్లు తుడిచేదేమీ ఉండదు, పడకముందున్న ఫైలునే తెచ్చిస్తాయి. రెండోవి గుర్తున్న చోటును చుట్టుపక్కల రంగుల్నీ పక్క ఫ్రేముల్నీ బట్టి ఊహించి నింపే యాప్‌లు. ఈ పని ఎంత సులువైనా, ఆ సైట్లలో తిరగడం పిల్లలకు మంచిది కాదు. ‘డౌన్‌లోడ్’ అని రాసున్న బటన్లలో అసలుది ఏదో పెద్దవాళ్లకే తెలియదు. మిగతావన్నీ ప్రకటనలు, వాటిలో కొన్ని చూడకూడనివి. కొన్ని సైట్లు ఇన్‌స్టాగ్రామ్ పాస్‌వర్డ్ అడుగుతాయి. కొన్ని ప్లే స్టోర్‌లో లేని ఏపీకే వేసుకోమంటాయి. ఏపీకే ఫైళ్లతో బ్యాంకు ఖాతాలు ఖాళీ అయిన వార్తలు పేపర్లో చదువుతూనే ఉన్నాం. పిల్లవాడి చేతిలో ఉన్నది చాలాసార్లు మీ ఫోనే, మీ ఫోన్‌పే ఉన్నదీ అందులోనే. పొరపాటున డబ్బు పోతే గంటలు గడవనివ్వకుండా 1930కి ఫోన్ చెయ్యాలని ఇంట్లో అందరికీ తెలిసుండాలి, పిల్లలకు కూడా. తిడతారని దాచిపెట్టే ఇంట్లోనే నష్టం పెద్దదవుతుంది.

‘గుర్తుంటే రీచ్ రాదు’ అని పిల్లలు వాదిస్తారు. కొట్టిపారేయకండి, అందులో కొంత నిజముంది. వేరే యాప్ లోగో కనిపించే రీల్స్‌ను తక్కువ మందికి చూపిస్తామని 2021 ఫిబ్రవరిలో ఇన్‌స్టాగ్రామ్ చెప్పింది. వేరేచోట తీసిన సరుకును తెచ్చి ఇక్కడ దించొద్దని దాని భావం. పిల్లలు విన్నది లోగో తీసేస్తే చాలని. 2024 ఏప్రిల్ చివర్లో అదే సంస్థ ఇంకో మాట చెప్పింది. ఒకే వీడియో ఇద్దరి దగ్గరుంటే సిఫారసుల్లో కాపీ బదులు అసలుదాన్నే చూపిస్తామంది. 30 రోజుల్లో 10 సార్లో అంతకు మించో ఇతరులవి పెట్టే ఖాతాలను కొత్తవాళ్లకు సిఫారసు చెయ్యబోమంది. 2025 జులైలో ఫేస్‌బుక్ కూడా ఇదే దారి పట్టింది. యూట్యూబ్‌లోనైతే 90 రోజుల్లో 3 కాపీరైట్ స్ట్రైకులు పడితే ఛానలే పోతుంది. బొమ్మనూ శబ్దాన్నీ పోల్చి చూసే యంత్రానికి మూలన పేరుందా లేదా అన్నది పెద్ద అడ్డు కాదు. అరువు వీడియోలతో కష్టపడి పెంచిన పేజీ ఒక్క ఉదయంలో మాయమైతే ఏడ్చేది మన పిల్లలే. ఈ ముక్క వాళ్లకు నీతి పాఠం కంటే త్వరగా ఎక్కుతుంది.

చట్టం సంగతీ చెప్పుకోవాలి, భయపెట్టడానికి కాదు. 1957 కాపీరైట్ చట్టంలో ఏదైనా తయారుచేసినవాళ్లకు హక్కు అది తయారైన క్షణమే వస్తుంది, రిజిస్టర్ చేయించుకోనక్కర్లేదు. ఇది నా పని అని చెప్పుకునే హక్కు 57వ సెక్షన్‌లో విడిగా ఉంది. 2012 సవరణలో 65బి చేరింది. హక్కుదారు ఎవరో తెలిపే సమాచారాన్ని అధికారం లేకుండా, తెలిసి తెలిసి తీసేస్తే రెండేళ్ల వరకు జైలు, జరిమానా. అలా తీసేశారని తెలిసీ పంచడం కూడా దాని కిందికే వస్తుంది. రీలు పెట్టిన పిల్లాడి కోసం పోలీసులు ఇంటికొస్తారని చెప్పి బెదిరించకండి, వాడు నమ్మడు, మీ తర్వాతి మాట కూడా నమ్మడు. చట్టం కూడా ఆ పేరుకు విలువిచ్చిందని చెబితే సరిపోతుంది.

డబ్బూ స్ట్రైకులూ కాదు, నన్ను ఎక్కువ కలవరపెట్టే సంగతి వేరే ఉంది. ఒకమ్మాయి బతుకమ్మ ఆడుతూ వీడియో తీసుకుని తన ఖాతాలో పెట్టుకుందనుకోండి. అక్కడ కామెంట్లు ఆపుకోవచ్చు, వెకిలి మాటలన్నవాణ్ని బ్లాక్ చెయ్యొచ్చు, వద్దనుకుంటే వీడియోనే తీసెయ్యొచ్చు. ఇంకొకరు ఆమె పేరు తుడిచి తమ పేజీలో పెట్టిన క్షణం నుంచి ఇవేవీ ఆమె చేతిలో ఉండవు. కింద ఏం రాస్తున్నారో ఆమెకు తెలియదు. తనది తీసేసినా కాపీలు తిరుగుతూనే ఉంటాయి. పేరుంటే ఎవరో ఒకరు ‘అక్కా, మీ వీడియో అక్కడ పెట్టారు’ అని చెప్పేవాళ్లు. పేరు లేకపోతే ఆ కబురు కూడా అందదు. మీ అబ్బాయి పేజీలో ఇలాంటి వీడియో ఉంటే పక్కన కూర్చుని కామెంట్లు చదివించండి. ఆ అమ్మాయి మన చెల్లెలైతే అని మీరు అననక్కర్లేదు. చదివితే వాడికే అనిపిస్తుంది.

ఇప్పుడు ఏఐ వీడియోలు కూడా తోడయ్యాయి. 2025 సెప్టెంబరు చివర్లో ఓపెన్‌ఏఐ సోరా యాప్ తెచ్చినప్పుడు అందులో తయారైన వీడియోల మీద కదిలే గుర్తు వేసింది. కొద్ది రోజులకే దాన్ని తుడిచే సైట్లు పుట్టుకొచ్చాయి. ఇక్కడ గుర్తు చెప్పేది ఎవరు తీశారన్నది కాదు, ఇది జరిగింది కాదు అన్న నిజాన్ని. అది తుడిచి స్టేటస్‌లో పెట్టినవాడు తెలియకుండానే అబద్ధం చెప్పినవాడవుతాడు. టీవీ ఛానల్ లోగో కత్తిరించిన వరద వీడియో కూడా అలాంటిదే. ఎప్పటిదో, ఏ ఊరిదో పట్టుకునే దారి ఉండదు. పిల్లలకు ఈ రెండూ గట్టిగానే చెప్పండి, ఇందులో మెత్తదనం అక్కర్లేదు.

చెప్పే ముందు మన వాట్సాప్ కూడా ఒకసారి చూసుకుందాం. మంచి కథ వస్తుంది, కింద రచయిత పేరుండదు, ‘సేకరణ’ అని ఉంటుంది. ఎవరో ఒకరు పేరు కొట్టేస్తేనే కదా అది సేకరణ అయింది. మనం చదివి, కళ్లు తుడుచుకుని, ఐదు గ్రూపులకు పంపుతాం. ఎవరు రాశారని ఒక్కరూ అడగరు. కథకుడి పేరు లేకుండా కథ పంచే తండ్రి, ఐడీ లేకుండా రీలు పెట్టే కొడుకుకు ఏ ముఖంతో చెబుతాడు? మన దగ్గరున్న కథ ఎవరిదో వెతికి పేరు చేర్చి పంపడం పిల్లల ముందే చేస్తే, సగం సలహా ఇచ్చేసినట్టే.

నచ్చినది నలుగురికి చూపించాలనుకోవడం తప్పు కాదు. దానికి షేర్ బటన్ ఉంది. లింక్ పంపితే పేరు దానితోనే వెళుతుంది. స్టోరీలో షేర్ చేస్తే పెట్టినవాళ్ల ఐడీ దానంతటదే కనిపిస్తుంది. యూట్యూబ్ షార్ట్స్‌లోనూ ఇన్‌స్టాగ్రామ్‌లోనూ రీమిక్స్ ఉంది, అనుమతించినవాళ్ల వీడియోకి మనది కలిపితే అసలుదానికి దారి ఉంటుంది. వీడియోనే తన పేజీలో పెట్టాలంటే అడగాలి. ‘అన్నా, మీ వీడియో చాలా నచ్చింది. మీ పేరూ ఐడీ కనిపించేలా మా పేజీలో పెట్టుకోవచ్చా?’ అని మెసేజ్ పెట్టడానికి నిమిషం పట్టదు. సరేనంటే ఆ మెసేజ్ స్క్రీన్‌షాట్ దాచుకోవాలి. జవాబు రాకపోతే అది సరే అన్నట్టు కాదు, ఈ ఒక్క ముక్క పిల్లలకు పదేపదే చెప్పాల్సి వస్తుంది. పేరు తుడిచేసి కింద ‘క్రెడిట్స్: ఓనర్’ అని రాయడం మరీ విడ్డూరం. ఓనర్ ఎవరో తెలిసుండి దాచినట్టు చెప్పుకోవడమే అది.

సినిమా క్లిప్పుల ఎడిట్ల సంగతి కొంచెం చిక్కు. పెద్ద నిర్మాణ సంస్థను ఓ తొమ్మిదో తరగతి పిల్లవాడు అనుమతి అడగలేడు. యూట్యూబ్‌లో కంటెంట్ ఐడీ అనే ఏర్పాటు పాటనో సీన్‌నో గుర్తుపట్టి, హక్కుదారు కోరినట్టు ఆ వీడియోని ఆపేస్తుంది, లేదా దాని ఆదాయాన్ని వాళ్లకు మళ్లిస్తుంది. అభిమానంతో చేసినదాన్ని సంస్థలు చాలాసార్లు చూసీ చూడనట్టు వదిలేస్తాయి, కానీ అది వాళ్ల దయ, మన హక్కు కాదు. సరదా వరకు ఉండనివ్వండి, దాని మీద సంపాదన ఆశ పెట్టుకోనివ్వకండి. ఆ కత్తిరించే నేర్పునే ఊరి జాతరకో, తాతయ్య సేద్యానికో, బడి వార్షికోత్సవానికో తిప్పితే పేజీ మొత్తం వాళ్లదే అవుతుంది.

ఇదంతా విన్న పిల్లలు ఒకరోజు ఎదురు ప్రశ్న వేస్తారు: ‘నాది ఎవరైనా పేరు తీసేసి పెట్టుకుంటే?’ అప్పుడు పనికొస్తుంది గ్యాలరీలో దాచిన మొదటి కాపీ. తీసిన తేదీ ఆ ఫైలులోనే ఉంటుంది కాబట్టి డిలీట్ చెయ్యొద్దని ఇప్పుడే చెప్పండి. ముందు ఆ పేజీవాళ్లకు మర్యాదగా ఒక మెసేజ్ పెట్టించండి, చాలామంది తీసేస్తారు. తీయకపోతే యూట్యూబ్‌లోనూ ఇన్‌స్టాగ్రామ్‌లోనూ కాపీరైట్ ఫిర్యాదు ఫారం ఉంది. దాన్ని పిల్లల చేత కాక మీరే నింపండి. అందులో ఇచ్చిన పేరూ ఈమెయిలూ అవతలివాళ్లకు చేరే వీలుంది, కాబట్టి బ్యాంకుకు ఇచ్చిన ఈమెయిల్ కాకుండా వేరేది వాడండి. ఫిర్యాదు మాత్రం నిజంగా మీ పిల్లలు తీసిన వీడియోకే పెట్టాలి, తప్పుడు ఫిర్యాదుకు ఖాతా పోవచ్చు. ఫారం నింపడానికి ఫీజు లేదు, వకీలూ అక్కర్లేదు. కాపీరైట్‌కు వయసుతో కూడా పనిలేదు, పదమూడేళ్ల పిల్ల తీసిన వీడియో మీద హక్కు ఆ పిల్లదే.