అంధుల క్రికెట్టు

క్రికెట్టు ఆటకు చూపు తప్పనిసరియని మనలో పెక్కురు తలంతుము. బంతి కనబడనివాడు దానిని కొట్టుట యెట్లు? ఈ ప్రశ్నకు మన బెంగళూరు నగరముననే సమాధానము లభించినది. 2012 డిసెంబరు మాసమున అంధుల తొలి ట్వంటీ20 ప్రపంచకప్పు పోటీలు ఇచ్చట జరిగినవి. అంతిమ పోటీలో భారతజట్టు పాకిస్తాను జట్టును 29 పరుగుల తేడాతో ఓడించెను.

ఈ క్రీడ 1922లో ఆస్ట్రేలియాలోని మెల్బోర్ను నగరమున ఆరంభమైనది. అచటి అంధ కార్మికులు రేకుడబ్బాలో రాళ్లు వేసి, దానినే బంతిగా చేసికొని యాడిరి. నేటి బంతి గట్టి ప్లాస్టిక్కుతో చేయబడినది. లోపల చిన్న లోహపు గుండ్లుండుటచే దొర్లునపుడు గలగలమని మ్రోగును. బంతి వేయువాడు ముందుగా “రెడీ?” యని యడుగును. బ్యాటు పట్టినవాడు “ఎస్” అనిన పిమ్మట “ప్లే” యని పలికి, చేయి పైకెత్తక క్రిందినుండి బంతిని విడుచును. వికెట్లును లోహపువే, బంతి తగిలిన చప్పుడు స్పష్టముగా వినబడును.

జట్టునందలి 11 మందిలో కనీసము నలుగురు బొత్తిగా చూపులేనివారై యుండవలెను. తక్కినవారికి కొద్దిపాటి చూపుండును. చూపు బొత్తిగా లేని యాటగాడు చేసిన పరుగులు రెట్టింపుగా లెక్కింపబడును. బంతి ఒకసారి నేల తాకి లేచిన తరువాత అతడు పట్టుకొన్నను క్యాచుగానే యెంచెదరు. ఇది జాలితో నిచ్చిన రాయితీ యని యెవ్వరును అనుకొనరాదు. అందరి నేర్పును సమానముగా తూచుటకు ఏర్పరచిన త్రాసు ఇది.

1997లో బెంగళూరున వెలసిన సమర్థనం సంస్థ ఈ క్రీడాభివృద్ధికి ఎంతయో పాటుపడినది. 2022 డిసెంబరులో చిన్నస్వామి స్టేడియమున జరిగిన ప్రపంచకప్పు అంతిమ పోటీలో బంగ్లాదేశు జట్టుపై గెలిచిన భారతజట్టుకు నాయకుడు మన తెలుగువాడైన అజయ్ కుమార్ రెడ్డి. అతడు 2023 సంవత్సరపు అర్జున పురస్కారమును పొందెను.

విద్యార్థులారా! అందరును ప్రపంచకప్పు ఆడజాలరు, ఆడనక్కరయు లేదు. సాయంకాలపు ఆటలగంట మ్రోగినపుడు చూపులేని సహపాఠి చెట్టుక్రింద మన పుస్తకములకు కాపలాగా కూర్చుండుట మాత్రము న్యాయము కాదు. ఫుట్‌బాలును ప్లాస్టిక్కు సంచిలో కట్టినచో దొర్లునపుడు అదియు చప్పుడు చేయును. ఖర్చు స్వల్పము. బంతి కదలుచున్నంతసేపు చూచువారు మౌనముగా నుండవలెను. ఆట ముగిసిన పిదప చప్పట్లు కొట్టవచ్చును. ఈ కొద్దిపాటి యోర్పు మనకున్నచో అతనికిని మైదానమున చోటు దొరకును.